బతికున్న మనిషికి రెండు నిమిషాల మౌనం

మా పదో తరగతి వాళ్లం ఇరవై ఐదేళ్ల తర్వాత మళ్లీ కలుసుకున్న రోజున, నేను మైకు పట్టుకుని చనిపోయిన స్నేహితురాలి గురించి మాట్లాడుతూ ఏడ్చాను. ఆమె చనిపోలేదు. నాకు స్నేహితురాలూ కాదు. ఏడుపు మాత్రం నిజంగానే వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకున్నప్పుడు ఎక్కువ సిగ్గనిపించేది ఆ కన్నీళ్లకే.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు అనుకుంటాను, మా బ్యాచ్‌కు ఒక వాట్సాప్ గ్రూపు తయారైంది. నార్కట్‌పల్లిలో రోడ్డు మీద హోటల్ నడిపే మా క్లాసతను దాన్ని మొదలుపెట్టాడు. ఆ దారిన పోయే మా వాళ్లు ఎవరో ఒకరు ఛాయ్‌కి ఆగేవారట, అతను గుర్తుపట్టి నంబరు తీసుకునేవాడట. అట్లా పది మందితో మొదలైన గ్రూపు రెండు నెలల్లో నలభై దాటింది. మా బడి దేవరకొండ అవతల ఒక మండల కేంద్రంలో ఉంది. ఆ బడి ఆవరణలోనే షామియానా వేసి అందరం కలవాలని, మాకు చదువు చెప్పిన సార్లకు శాలువాలు కప్పాలని అనుకున్నాం.

పనులు పంచుకున్నాం. మగవాళ్ల జాడ తీయడం సులువు. ఊళ్లో ఎవరినడిగినా ఫలానా వాళ్ల కొడుకు ఫలానా చోట ఉన్నాడని చెప్తారు. ఆడపిల్లల సంగతి అట్లా కాదు. పెళ్లితో ఊరు మారింది, ఇంటిపేరు మారింది. ఆ జాబితా నేను చూస్తానన్నాను. నల్లగొండలో ట్రెజరీలో ఉద్యోగం నాది. జాబితాలు, టిక్కులు, పక్కన చిన్న అక్షరాలతో రాసే రిమార్కులు నాకు అన్నంతో సమానం. ఇరవై రెండు మంది పేర్లు రాసుకుని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నాను. నా శ్రద్ధకు గ్రూపులో చప్పట్ల బొమ్మలు వచ్చేవి. అవి చూసుకుని మురిసిపోయేదాన్ని.

చివరికి ఒక్క పేరు మిగిలింది. నిజం చెప్పాలంటే ఆ పేరు హాజరు పట్టీ ఫోటో చూస్తే తప్ప నాకు గుర్తు రాలేదు. మేం ఆమెను పేరుతో పిలిచేవాళ్లం కాదు. 'గొర్ల పిల్ల' అనేవాళ్లం. మా ఊరు దాటి వాగు అవతల ఉండే పల్లె వాళ్లది. గొర్లను మేపుకునే కుటుంబం. ఎండాకాలం వస్తే మందను తోలుకుని నల్లమల వైపు పోయేవాళ్లు, ఆమె అప్పుడప్పుడు నెల రోజులు బడికి వచ్చేది కాదు. పదో తరగతి పరీక్షలు కూడా రాయలేదని మాత్రం గుర్తుంది.

మా ఆఫీసులో అటువైపు వాడొకతను ఆ పల్లెలో కిరాణా దుకాణం అతని నంబరు ఇచ్చాడు. ఫోన్ చేసి, ఫలానా వాళ్ల ఇంట్లో బడికి వచ్చే పిల్ల ఉండేది, ఇప్పుడెక్కడుందని అడిగాను.

"గా ఇంటి పిల్లనా? పాము కుట్టి సచ్చిపాయె గదమ్మా. శానేండ్లాయె," అన్నాడు. వెనకనుంచి ఎవరో నూనె పాకెట్ అడుగుతున్నారు.

"అయ్యో," అన్నాను. ఫోన్ పెట్టేశాను. ఆ మాటలు నిమిషం కూడా సాగలేదు. పేరు పక్కన 'లేట్' అని రాసి జాబితా పూర్తి చేశాను.

మా ఆఫీసుకు ప్రతి ఏడూ పింఛను తీసుకునే ముసలివాళ్లు బతికున్నట్టు కాగితం పట్టుకుని వస్తారు. ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆయాసపడుతున్న మనిషిని కూడా, సంతకం సరిగా లేదని, ఇంకో కాగితం తెమ్మని నేను వెనక్కి పంపిన రోజులున్నాయి. అట్లాంటి నేను ఒక దుకాణం అతను నూనె పాకెట్ అమ్ముకుంటూ అన్న మాటకు ఒక మనిషిని చంపేశాను. రెండో మనిషిని అడగాలని కూడా తోచలేదు. జాబితా పూర్తయితే చాలనిపించింది.

పోయినవాళ్లు ఐదుగురని తేలింది. నలుగురు మగవాళ్లు, ఆమె. వాళ్ల కోసం వేరే ఫ్లెక్సీ కొట్టించారు. మిగతావాళ్ల ఫోటోలు ఇళ్లనుంచి తెప్పించాం. ఆమెది మా క్లాసు గ్రూపు ఫోటోలోంచి కత్తిరించాం. అందులో వెనక వరసలో చివరన నిలబడి ఉంటుంది. సగం ముఖం ముందున్న పిల్ల జడ వెనక పోయింది. దాన్నే పెద్దది చేసి, చుట్టూ పూలదండ బొమ్మ పెట్టి, కింద పేరు, ఊరు రాయించాం.

ఫంక్షన్ రోజు పొద్దున్నే రెండు నిమిషాలు మౌనం పాటించాం. తర్వాత హోటలతను నా దగ్గరికి వచ్చి, "ఆడపిల్లల తరఫున నువ్వే నాలుగు మాటలు మాట్లాడు. నీకు మంచిగొస్తది," అన్నాడు.

వద్దనలేదు. స్టేజీ ఎక్కాను. నిజంగా ఆమె గురించి నాకు తెలిసింది రెండు వాక్యాలకు సరిపోదు. కానీ ఎదురుగా అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు, ముందు వరసలో ముసలి సార్లు ఉన్నారు. మాటలు వాటంతటవే వచ్చాయి. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లమన్నాను. ఆమె తెచ్చుకున్న జొన్నరొట్టె సగం తుంచి నాకు పెట్టేదన్నాను. "ఆ రొట్టె రుచి ఇంకా నా నాలుక మీదుంది," అన్నాను. కళ్లనుంచి నీళ్లు కారాయి. కొందరు ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. దిగి వస్తుంటే మా సైన్సు సారు నా తల మీద చెయ్యి పెట్టారు.

ఆ రొట్టె నేనెప్పుడూ తినలేదు. బెంచీ సంగతి ఇంకా అన్యాయం. తొమ్మిదో తరగతి మొదట్లో ఆమెను నా పక్కన కూర్చోబెట్టారు. గొర్ల దొడ్డి పక్కనే పడుకుని లేచి వచ్చే పిల్ల, బట్టలకు ఆ వాసన ఉండేది. పది రోజులు చూసి నేనే క్లాసు టీచరు దగ్గరికి పోయి, వాసనకు తల నొస్తోందని చెప్పాను. ఆయన ఏమీ అడగకుండా ఆమెను తలుపు దగ్గర బెంచీకి మార్చారు. అక్కడ ఆమె ఒక్కతే కూర్చునేది. రెండేళ్లూ అక్కడే. ఈ సంగతి నాకు స్టేజీ మీద ఉన్నప్పుడు కూడా గుర్తుంది. గుర్తుండే, దాని మీదుగా ఇంకో కథ చెప్పాను.

నేను మాట్లాడింది ఎవరో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. చాలామంది స్టేటస్ పెట్టుకున్నారు. ఆ నాలుగు రోజులు నాకు ఒకటే ఫోన్లు. ఏడిపించావన్నారు, ఇంత బాగా మాట్లాడతావని తెలియదన్నారు.

ఐదో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చిన్న వయసు ఆడపిల్ల గొంతు.

"మేడం, పదో తరగతి ఫంక్షన్‌ల మాట్లాడింది మీరేనా?"

"అవునమ్మా, ఎవరు?" అన్నాను. ఇంకో మెప్పు వస్తోందనుకున్నాను. ఆ నవ్వు నా గొంతులో ఆమెకు వినపడే ఉంటుంది.

"మీరు మాట్లాడింది మా అమ్మ గురించి మేడం. మా అమ్మ బతికే ఉంది."

నేనేమన్నానో గుర్తు లేదు. ఆ అమ్మాయి అరవలేదు, తిట్టలేదు. మహబూబ్‌నగర్‌లో నర్సింగ్ చదువుతోందట. హాస్టల్‌లో తోటి పిల్ల తండ్రి మా బ్యాచ్ వాడు. ఆ స్టేటస్‌లో ఊరి పేరు, అమ్మ పేరు చూసి గుండె ఆగినంత పనైందట. వెంటనే ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదట.

"అమ్మ గొర్లకాడికి పోతే సిగ్నల్ ఉండదు మేడం. మూడు గంటలు నేను ఎట్లున్ననో నాకే తెల్వదు. పాము కుట్టింది మా పెద్దమ్మకు. అమ్మకు కాదు."

"సారీ అమ్మా," అన్నాను.

"నాకెందుకు మేడం సారీ," అని పెట్టేసింది.

హోటలతనికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అతను పగలబడి నవ్వాడు. "మంచిగైంది పో. ఐదుగురికి నలుగురే అన్నట్టు," అన్నాడు. వీడియో తీసేశారు. ఆమె బతికే ఉందని అతనే గ్రూపులో రాశాడు. అంతే, ఇక నవ్వులే నవ్వులు. దయ్యానికి కూడా సభ్యత్వం ఇద్దామని ఒకరు, వచ్చేసారి ఆమెతోనే కొబ్బరికాయ కొట్టిద్దామని ఒకరు. అందరూ నవ్వుతున్నారని నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. పెట్టిన వెంటనే తీసేయాలనిపించింది కానీ అప్పటికే చూసేశారు.

పోయి క్షమాపణ అడగాలని ఆ రోజే అనుకున్నాను. రెండు ఆదివారాలు ఏదో సాకుతో దాటేశాను. మూడో ఆదివారం మా ఆయన, "ఫోన్ల చెప్తే అయిపోదా?" అంటే, ఆ మాట నాకెంత హాయిగా వినపడిందో గమనించి భయపడి, బస్సెక్కాను. ఒక చీర, మిఠాయి డబ్బా కొని సంచిలో పెట్టుకున్నాను.

దేవరకొండలో మారి, డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి పదకొండు దాటింది. ఒకప్పుడు అదంతా పాలమూరు, మాది నల్లగొండ. ఆమె అత్తగారి ఊరు అటే, జిల్లాలు చీలాక ఇంకో కొత్త జిల్లాలో పడింది. అక్కడినుంచి ఆటోలో అడవి వైపు ఇంకో పన్నెండు కిలోమీటర్లు. ఎర్రమట్టి బాట, రెండు పక్కలా పత్తి చేలు, ముందు కొండల నీలం. నేను మెసేజీ పెట్టి అడిగితే అడ్రసు ఆ అమ్మాయే పంపింది. సెలవు పెట్టుకుని తనూ ఇంటికి వచ్చింది.

రేకుల ఇంటి ముందు ఒక ఆడమనిషి బిందెతో గొర్ల తొట్టిలో నీళ్లు పోస్తోంది. నుదుటి దగ్గర జుట్టు తెల్లబడింది. నన్ను చూసి బిందె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఫ్లెక్సీ మీద కనపడని ఆ సగం ముఖం నేను సరిగ్గా చూడడం అదే మొదలు.

"రాండ్రి మేడం. కూసోండ్రి," అంది. మంచం వాల్చింది.

నేను కూర్చోకముందే లోపలినుంచి ఒక ముసలామె వచ్చింది. ఆమె చిన్నమ్మ. ఆ వీడియో మాట విని ఏడవడానికి వచ్చి, ఇంకా తిరిగి పోలేదట.

"గీమెనేనా?" అంది నన్ను పైనుంచి కిందికి చూసి. "నీ నోట్లె మన్నువడ! బతికున్న పిల్లకు దండేస్తివా? పదిహేను మందిమి ట్రాలీ ఆటో మాట్లాడుకొని గుండెలు బాదుకుంట వచ్చినం గాదే!"

"ఊకో చిన్నమ్మా," అంది ఆమె. "ఇంటికొచ్చిన మనిషి."

"ఏం వచ్చింది? సంచిలేంది, సీరెనా? సచ్చినోళ్లకు పెట్టే బట్టలా గివి?"

చీర అంచు సంచిలోంచి బయటికి కనపడుతోంది. దాన్ని లోపలికి తోయడానికి నా చేయి లేచింది కానీ మధ్యలోనే ఆగిపోయింది. ముసలామె తిట్టినంతసేపూ నాకు ఒక విధంగా ఊరటగానే ఉంది. ఆమె ఆపితేనే భయమేసింది.

కూతురు నీళ్లు తెచ్చి ఇచ్చింది. తల్లి నాకు ఎదురుగా గడప మీద కూర్చుంది. ఆ రోజు జరిగింది తనే చెప్పింది, కొంచెం నవ్వుతూ.

"నేను గొర్లను దొడ్డికి తోలి ఇంటికి వస్తున్న. ట్రాలీల కెల్లి ఒకటే ఏడుపు. ఎవరికేమాయెనో అని నేను గూడ ఉరికిన. నన్ను చూసి చిన్నమ్మ నేల మీద పడిపాయె. నీళ్లు సల్లి లేపినం. లేసి నా చెంపలు, చేతులు అన్నీ పట్టి చూసింది."

కూతురూ నవ్వింది. నేను నవ్వలేదు. ఎట్లా మొదలుపెట్టాలో బస్సులో వస్తూ తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి.

"తప్పైంది," అన్నాను. "ఎవరో ఒకమాట చెప్తే నమ్మి రాసేశాను. ఇంకెవర్నీ అడగలేదు."

"కానియ్యుండ్రి. వీడియో నాలుగుసార్లు చూసిన నేను. మంచిగ మాట్లాడిండ్రు," అంది. తర్వాత, "మనిద్దరిది ఒక్కటే బెంచి అన్నరు," అంది.

ఆమె ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది, తనకు గుర్తు లేదేమో అన్నట్టు. అప్పుడు చెప్పేశాను. వాసన గురించి, టీచరుకు నేనే చెప్పిన సంగతి, రొట్టె అబద్ధం, అన్నీ. ఇరవై ఐదేళ్లకు పైగా ఈ ఒక్క తప్పును లోపల మోసుకుని తిరిగానని, ఇదే నా జీవితంలో నేను చేసిన నీచమైన పనని కూడా అన్నాను.

ఆమె విని, "నాకు యాదికి లేదు," అంది. "గప్పుడు నా పక్కన ఎవ్వరు కూసునేటోళ్లు? తలుపుకాడ గాలొచ్చేది. మంచిగనే ఉండేది."

నేను ఊపిరి వదిలాను. అది చూసిందేమో. ముందుకు వంగి, ఉన్నట్టుండి నన్ను 'నువ్వు' అంది.

"గది కాదు. నువ్వు ఎందుకు రాలే?"

"ఎక్కడికి?"

"మా ఇంటికి. పరీక్షలప్పుడు."

నాకు అర్థం కాలేదు. ఆమె నింపాదిగా చెప్పింది. పరీక్షలకు ముందు ఆమెకు ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులు. అమ్మానాయినలు మందతో అడవికి పోయారు. పరీక్షల కోసమని ఆమెను ఈ చిన్నమ్మ దగ్గర ఉంచిపోయారు. బడికి రావద్దని, హాల్‌టికెట్ రాగానే కబురు పంపుతానని, పరీక్ష విడిగా గదిలో కూర్చోబెట్టి రాయిస్తానని హెడ్‌మాస్టరు చెప్పి పంపారట. ఆమె యూనిఫాం ఉతికించుకుని, వేపాకుల మీద పడుకుని కబురు కోసం చూసింది.

"మీ ఊరే మాకు దగ్గెర గదా. సారు నిన్ను పంపిండు. నువ్వు పోయి, ఇంటికి తాళమేసుంది, అడివికి పోయిండ్రు అని సారుకు చెప్పినవట."

"నేనే తోలుకపోయిన దీన్ని," అంది చిన్నమ్మ మధ్యలో. ఈసారి ఆమె గొంతులో తిట్టు లేదు. "ఎంతకూ కబురు రాకపాయె. దుప్పటి కప్పి బడికి తోలుకపోతే, రెండు పరీక్షలు అయిపోయినయన్నరు. సారు నా మీదనే కోపం జేసిండు. నిన్ను పంపిన్నని చెప్పిండు, ఇంటికి తాళమేసుకొని ఇప్పుడొస్తరా అన్నడు. నేను ఏ తాళమేసినయ్యా అన్న. నా ఇంటికి తాళమే లేదు గప్పుడు."

నాకు గుర్తు లేదని చెప్పబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె 'ఆటలమ్మ' అన్నప్పుడే లోపల ఏదో కదిలింది. మా అమ్మ గుర్తొచ్చింది. పరీక్షల ముందు ఆ పల్లె దరిదాపులకు పోవద్దని, అంటుకుంటే ఏడాది పోతుందని అమ్మ నాకు గట్టిగా చెప్పి పంపింది. హెడ్‌మాస్టరు నన్ను పిలిచి పొమ్మన్నప్పుడు, పోనని చెప్పే ధైర్యం లేదు. మధ్యాహ్నం ఎండలో వాగు దాకా పోయాను. ఇసుకలో నిలబడి అవతల ఇళ్లను చూశాను. కాసేపు అక్కడే కూర్చుని వెనక్కి వచ్చాను. తాళం మాట ఎవరూ నాకు చెప్పలేదు. అది నేను బడికి తిరిగి పోతూ దారిలో తయారు చేసుకున్నది.

ఆ తర్వాత నేను మళ్లీ ఆ సంగతి ఆలోచించినట్టు కూడా గుర్తు లేదు. నా పరీక్షలు బాగా రాశాను. ఫస్ట్ క్లాసు వచ్చింది. వాసన గురించి టీచరుకు చెప్పిన చిన్న పాపాన్ని మాత్రం భద్రంగా గుర్తు పెట్టుకున్నాను. దాని గురించి అప్పుడప్పుడు బాధపడి, నేను మంచిదాన్నే అనుకునేదాన్ని.

"భయపడ్డాను," అన్నాను. "అంటుకుంటుందని. వాగు దాటలేదు."

తొట్టి దగ్గర ఒక గొర్రె దగ్గుతోంది. కూతురు నా వైపు చూడకుండా నేల మీద చూస్తోంది.

"భయమైతాందని సారుకు చెప్తే అయిపోతుండె," అంది ఆమె. "సారే వస్తుండె. లేకుంటే ఇంకొకర్ని పంపుతుండె. తాళమేసుందని ఎందుకన్నవ్?"

నేను చీర ఉన్న సంచిని కాళ్ల దగ్గరికి లాక్కున్నాను.

ఆమె లేచి లోపలికి పోయింది. స్టవ్ వెలిగించిన చప్పుడు వినపడింది. అప్పుడు కూతురు మెల్లగా, "అమ్మ మొన్నీమధ్య ఓపెన్ టెన్త్ కట్టింది మేడం. నేనే చదివిచ్చిన. అన్నీ పాసైంది, లెక్కలొక్కటి పోయింది," అంది.

"మళ్లీ రాయొచ్చు కదా?" అన్నాను. ఆ మాట అంటూ ఉంటేనే ఎంత చవకగా ఉందో తెలిసింది.

"ఇంక చాతగాదంటది మేడం."

ఆమె ఛాయ్ తెచ్చింది. "తాగుండ్రి మేడం," అంది. మళ్లీ 'మీరు' అయిపోయాను.

పోతానని లేచినప్పుడు, గ్రూపులో అందరికీ సరిగ్గా చెప్తానని, నా తప్పేనని రాస్తానని అన్నాను.

"బతికున్ననని అందరికి ఎరుకైంది గదా. నవ్వుకున్నరంట గూడ," అంది. "ఎందుకు బడి ఇడిసిపెట్టిన్నో గది చెప్పుండ్రి. గొర్లోళ్ల పిల్ల, దానికి చదువేడొస్తది అని అనుకుంటరు ఇప్పటికి. నాకు చదువొచ్చేది."

అది నిజం. ఆమె మా క్లాసులో లెక్కలు మినహా అన్నిటిలో ముందే ఉండేది. తెలుగు పద్యం ఆమె ఒక్కసారి విని అప్పజెప్పేది. ఇది కూడా నేను ఆ స్టేజీ మీద చెప్పలేదు, జొన్నరొట్టె గురించి చెప్పాను.

మిఠాయి డబ్బా తీసుకుంది. చీర మాత్రం మడత విప్పకుండా తిరిగి నా సంచిలో పెట్టింది. "గిది వద్దు మేడం. చిన్నమ్మ అన్నదని కాదు. వద్దు," అంది. ఆటో దాకా కూతురు తోడొచ్చింది.

గ్రూపులో చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మొదట ఒకటి రాశాను. చదువుకుంటే, 'సమాచార లోపం కారణంగా' అని ఉంది. ఆఫీసు కాగితం రాసినట్టు రాశాను. అది తీసేసి ఇంకోటి రాశాను. అందులో మా అమ్మ భయపెట్టిన సంగతి మొదటి వాక్యంలోనే వచ్చింది. తాళం మాట చివర ఎక్కడో ఉంది. అదీ తీసేశాను. ఆఖరికి ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు డాబా మీదికి పోయి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపాను. ఒకే బెంచీ మాట అబద్ధమని, ఆమెను అక్కడినుంచి లేపింది నేనేనని, ఆమె హాల్‌టికెట్ కబురు నేను చేరవేయలేదని, తాళం ఉందని సారుకు అబద్ధం చెప్పానని, ఆమె చదువు అట్లా ఆగిందని చెప్పాను. ఈసారి ఏడుపు రాలేదు. వస్తే ఆపేసి మళ్లీ మొదలుపెడదామనుకున్నాను.

గంటసేపు గ్రూపులో చప్పుడు లేదు. తర్వాత రెండు దండం బొమ్మలు వచ్చాయి. ఎవరో ఎవరి కూతురి పెళ్లి పత్రికనో పెట్టారు. అందరూ దానికి శుభాకాంక్షలు చెప్పడం మొదలుపెట్టారు.

సాయంత్రం హోటలతను ఫోన్ చేసి విసుక్కున్నాడు. "గవన్ని ఇప్పుడెందుకు తవ్వినవ్? చిన్నప్పటి ముచ్చట. మంచిగ కలిసినం, మంచిగ ఉండక," అన్నాడు. ఇంకో క్లాసామె విడిగా రాసింది. తను నా స్థానంలో ఉన్నా వాగు దాటేది కాదని, పరీక్షల ముందు ఎవరు దాటుతారని. అది చదివి నా మనసు ఒక్కసారి తేలికపడింది. ఆ తేలిక పడడం చూసుకుని మళ్లీ సిగ్గుపడ్డాను. ఆమెకు జవాబు రాయలేదు.

మర్నాడు కూతురు మెసేజీ పంపింది. "అమ్మ విన్నది మేడం. రెండుసార్లు విన్నది. చిన్నవ్వకు గూడ వినిపించింది. ఏమనలే."

హెడ్‌మాస్టరు సారు అప్పటికే పోయారు. ఆమె చిన్నమ్మ మీద కోప్పడ్డది నా అబద్ధం నమ్మేనని ఆయనకు చెప్పే వీలు లేదు. ఫంక్షన్ రోజు ఫ్లెక్సీలో సార్ల వరసలో ఆయన ఫోటో ఉంది. దానికీ దండ వేశాను.

ఆ తర్వాత నేను ఏడాదికి మూడు నాలుగుసార్లు ఆమెకు ఫోన్ చేస్తున్నాను. కొన్నిసార్లు ఎత్తుతుంది, కొన్నిసార్లు గొర్లకాడ ఉంటుంది. కూతురికి అచ్చంపేటలోనే ఒక దవాఖానలో పని దొరికిందని, గొర్లకు గాలికుంటు రోగం వచ్చి నాలుగు పోయాయని, వానలు లేవని చెప్తుంది. నేను అడిగినదానికి జవాబిస్తుంది. తనంతట తాను నన్నేమీ అడగదు. ఒకసారి మాత్రం, మా ఆయనకు ఆపరేషన్ అయిందని చెప్తే, "జర పైలం మేడం," అంది.

మేడం అనొద్దని, ఒకే క్లాసు వాళ్లం కదా, నువ్వు అనే పిలవమని రెండుసార్లు చెప్పాను.

"సరే మేడం," అంది రెండుసార్లూ.

మూడోసారి చెప్పలేదు.